గిన్నె ఇయ్యకుంట పోయిన గోవిందమ్మ

హలో... హలో, ఇనవడుతాందా? ఆ, నేను ధర్మయ్యను. రామన్నపేట టెంటు హౌజు ధర్మయ్యను. అందరు మంచిగున్నరా? తిన్నరా? తినకుంటే పళ్ళెం ముంగట పెట్టుకోనే సదువుర్రి, ఏం గాదు. నేను తొమ్మిది దాక సదువుకున్నోన్ని, తప్పులుంటే మీరే దిద్దుకోవాలె.

మొన్న నేను షూటింగు ఫోటో ఒకటి పెడితే అందరు ఒక్కటే అడుగుడు. "ధర్మయ్యన్నా, గోవిందమ్మ సచ్చిపోయిందని ఫోటోకు దండేసిండ్రు గదా, మల్ల ఎట్లొచ్చింది?" అని. ఒక్కొక్కలకు జవాబు కొట్టుకుంట పోతే ఏళ్ళు నొస్తున్నయి. గందుకే మొత్తం ఒక్కతాపనే రాస్తున్న. అసలైతే సప్పుడు జెయ్యకుంట ఉంటేనే నాకు మంచిది. ఎందుకంటె ఆమెను సంపింది నేనే.

"మూడర్రల ఇల్లు" సీరియలు చూసిండ్రు గదా. చూడనోళ్ళకు రెండు ముక్కల్ల చెప్త. పోచంపల్లిల ఒక నేతోళ్ళ ఇల్లు. ఇంటి పెద్దామె వెంకటనర్సమ్మ, మస్తు పంతం మనిషి, ఎవ్వలతోని మాట్లాడది, ఎవ్వలను ఏమడగది. ఆమె మొగడు, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడండ్లు. చిన్నకోడలిది భీమవరం దిక్కు. నాలుగేండ్లు నడిచింది. బయటి సీన్లు పోచంపల్లిల తీసేటోళ్ళు, లోపటి సీన్లకు హైదరాబాదుల సెట్టు ఉండె. పోచంపల్లిల షూటింగు అంటె కుర్చీలు, శామియాన, వంట సామాను అన్ని నావే. జనం గావాలంటే జనాన్ని గూడ నేనే దెస్త.

గోవిందమ్మ గట్లనే దొరికింది. మగ్గం నేసే లింగస్వామి బావ పెండ్లాం ఆమె. మొదటిరోజు "పది మంది ఆడోళ్ళు తొవ్వల నడువాలె" అన్నరు. పది మందిని నిలవెట్టిన. తొమ్మిది మంది చెప్పినట్టు నడిచిండ్రు. గోవిందమ్మ మాత్రం కొంగు కింద చిన్న స్టీలు గిన్నె వట్టుకోని సక్కగ కెమెరా ముంగటికే పోయింది. ఆడ వెంకటనర్సమ్మ ఏషం ఏసిన పెద్దమేడం కట్టెల పొయ్యి కాడ కూసోని ఉన్నది. గామెతోని, "వదినా, జర కారం ఉన్నదా?" అన్నది. నిజంగనే కూర ఒండుతున్నరనుకున్నదంట. ఇంట్ల కారం ఒడిసిందంట!

పెద్దమేడానికి ఏం జెయ్యాల్నో తెల్వక పక్కన ఉన్న కారం డబ్బల కెల్లి ఇంత తీసి గిన్నెల పోసింది. ఈమె తీస్కోని పోయింది. డైరెక్టరు ప్రమోద్ సారు కడుపు వట్టుకోని నవ్వి, "ఈ ముక్క తీసెయ్యకండి" అన్నడు.

ఇగ గప్పటికెల్లి వారానికి రెండు తాపలు గోవిందమ్మ గిన్నె వట్టుకోని వచ్చుడే. ఒకనాడు చింతపండు, ఒకనాడు చాయపత్తి, ఒకనాడు ఎల్లిగడ్డ. తీస్కపోవుడే గని తిరిగి ఇచ్చుడు లేదు. వేరే పేరు పెడితే పిలిచినా మల్లి చూడకపోయేది, గందుకని సీరియల్ల గూడ ఆమె పేరు గోవిందమ్మనే పెట్టిండ్రు. కొడుకులు ఆస్తి కోసం కొట్టుకునే ఎపిసోడ్ల గూడ నడుమల ఈమె దర్వాజ కాడికొచ్చి "వదినా, జర ఉప్పు..." అంటె జనం పడి పడి నవ్వేది.

నవ్వు మంచిదే. గని ఆమెకు ఒక కష్టమచ్చింది. తొవ్వల పోతుంటె పోరగాండ్లు ఉత్త గిన్నెలు సాపి "గిన్నె గోవిందమ్మా, జర కారం!" అనవట్టిండ్రు. గదైనా పర్వలేదు. ఆమె బిడ్డ మమతను ఆలేరుల ఇచ్చింది. వియ్యపురాలు మమతను పట్టుకోని, "మీ అమ్మకు టీవీల గూడ అడుక్కునుడే పనాయె" అన్నదంట. నలుగురి ముంగట. మమత ఫోన్ల ఏడ్సింది.

గా రోజు గోవిందమ్మ నా దగ్గరికొచ్చింది. "తమ్మీ, నాకు గా సీరియల్ల ఏం వద్దు. ఒక్క తాప గిన్నె ఇచ్చుడు గూడ జూపియ్యమను. నాలుగేండ్లు తీసుకున్నది అందరు చూసిండ్రు. ఇచ్చింది గూడ చూడాలె గదా?"

నేను మాటలు రాసే గోపీకృష్ణ సారుకు చెప్పిన. ఆయనది భీమవరం దిక్కు. మంచోడు, మెత్తటోడు, కసురుకునుడు తెల్వది. "తప్పకుండా ధర్మయ్య గారూ, ఆఖరి సీజన్లో ఆ సీను నేను రాస్తానండీ" అని మాటిచ్చిండు.

ఆఖరి సీజన్ రానే వచ్చింది. ప్రమోద్ సారు అందరిని నా శామియాన కింద కూసోవెట్టి చెప్పిండు. "ఇంక నవ్వులు తగ్గాలి. కథ ముగింపుకొచ్చింది. పెద్దాయన చనిపోతాడు, ఇల్లు పంచుకుంటారు. ప్రతి వీధిలో ఆగితే బండి ఊరు చేరదు. పక్క పాత్రలు ఒక్కొక్కటి ముగించెయ్యాలి." ఆయన చెప్పింది తప్పని నేననను. బస్సెక్కిచ్చినోళ్ళను ఏడనో ఒక కాడ దించాలె గదా. పాలు పోసే శ్రీశైలాన్ని దుబాయి పంపిండ్రు. బట్టలు కుట్టే ఆయనకు కండ్లు కనవడుతలేవని ఒక్క మాటల తేల్చేసిండ్రు. గోవిందమ్మకు మాత్రం ఒక్క సీను మిగిలింది. గిన్నె ఇచ్చుడు.

గా కాయితం ఆమెకు సదివి ఇనిపిచ్చింది నేనే. "గోవిందమ్మ తళతళ మెరిసేలా తోమిన గిన్నె తెచ్చి వెంకటనర్సమ్మ చేతికిస్తుంది" అని ఉన్నది. ఇని మొఖం చిన్నగ జేసుకున్నది.

"ఉత్త గిన్నె ఇస్తరానయ్యా ఎవలన్న? ఇంత బెల్లంపిసరన్న ఏసి ఇయ్యాలె. భీమవరంల ఉత్తయే ఇస్తరా?"

గోపీకృష్ణ సారును అడిగితే నాలిక కర్సుకున్నడు. "మా వైపూ ఇవ్వరండీ. తొందరలో మరిచాను. ఏం పెట్టాలో ఆవిడనే అడగండి" అన్నడు. ఆమె మలీద అన్నది. రొట్టె నలిచి, బెల్లం, నెయ్యి ఏసి ఉండలు కడుతరు సూడు, గది. నెల రోజులు ఇంట్ల అద్దం ముంగట గిన్నె వట్టుకోని నిలవడుడేనట. లింగస్వామి బావ మగ్గం గుంతల కెల్లి, "ఇచ్చినవ్ తియ్యే, తీసుకున్న!" అని అరిచేటోడంట.

ఇగ ఇనుర్రి, నా తప్పు ఏడ జరిగిందో.

ఒక రోజు పొద్దుగాల బావ ఫోన్ జేసిండు. మమతకు ఎనిమిదో నెలల్నే నొప్పులొచ్చినయి, ఆలేరు దవాఖానకు తీస్కపోయిండ్రు, గోవిందమ్మ గూడ ఉరికింది, షూటింగోళ్ళకు జర చెప్పుమన్నడు. నేను వెంటనే గోపీకృష్ణ సారుకు కొట్టిన. మాట మాటకు యాదికున్నది, రాస్తున్న.

"సార్, గోవిందమ్మ పోయింది."

"అయ్యో! ఎప్పుడండీ?"

"గియాల్ల పొద్దుగాల్నే సార్. చాయ గూడ తాగలే."

"ఎలా జరిగిందండీ?"

"బిడ్డకు బాలేదని ఫోనొచ్చింది సార్. ఇన్నది, గంతే. పోయింది."

సారు గొంతు బొంగురు వోయింది. "నిన్ననే మాట్లాడానండీ ఆవిడతో. ఎవరికీ చెప్పకుండానే..."

"నాగ్గూడ చెప్పలే సార్. మీరేం ఫికర్ జెయ్యకుర్రి. ఆమె లేకుంటె ఏంది, మిగిలినోళ్ళతోని నడిపియ్యుర్రి."

ఫోను కట్ అయింది. వీడేం మనిషిరా, రాయి లెక్క ఉన్నడు అని గా దినమంత ఆయన నన్ను తిట్టుకున్నడంట. నాకేమెర్క? మాకు పోయింది అంటె పోయింది. బస్సెక్కి పోయింది. వాళ్ళ దిక్కు పోయిందంటె పాడె ఎక్కి పోయినట్టంట!

సరే, వాళ్ళు ఉత్తగ నమ్మలే. షూటింగు మేనేజరు లింగస్వామి బావకు సొంతంగ ఫోన్ జేసిండు. మగ్గం సప్పుడుల బావకు సగం ఇనవడది. "గోవిందమ్మ గారు..." అని నసిగితే, "ఆ, పోయింది సార్, పోయి మూడొద్దులాయె" అన్నడంట. "మీరు ధైర్యంగా ఉండండి" అంటె, "నాకేంది సార్, ఒండుకుంటున్న, తింటున్న, మంచిగున్న" అన్నడంట.

ఇగ చెప్పేదేమున్నది.

పది రోజులకు, సాయంత్రం ఏడింటికి, నేను, పుష్పమ్మ టీవీ ముంగట కూసున్నం. పుష్పమ్మ నా ఇల్లాలు. చిన్నకోడలు ఏడ్సుకుంట ఇంట్లకొచ్చింది. "అత్తయ్యా, గోవిందమ్మ గారు పోయారంట" అన్నది. ఇంగొక సీనుల గోడకు గోవిందమ్మ ఫోటో, బంతిపూల దండ. పెద్దమేడం గా ఫోటో ముంగట కారం గిన్నె పెట్టి, "ఇంక ఎవరొస్తరు నా దర్వాజకు" అని ఏడ్సింది. పుష్పమ్మ గూడ కొంగు కండ్లకు పెట్టుకున్నది. పెట్టుకోని, తీసి, నా దిక్కు చూసింది.

"ఏమయ్యా, గోవిందమ్మక్క పొద్దుగాలనే గదా ఫోన్ జేసి మనుమరాలు పాలు తాగుతాందని చెప్పింది?"

ఒక్కసారి ఆ ఫోను మాటలన్ని యాదికొచ్చినయి.

పోచంపల్లిల లింగస్వామి బావ ఇంటికి అప్పటికే ఇరవై మంది పోయిండ్రు. బావ లుంగీ మీద కూసోని పప్పన్నం తింటున్నడు. "గింత దుఃఖంల గూడ ఎట్ల తింటున్నవురా" అని ఆయన చిన్నాయిన కొట్టవోయిండంట. గటు ఆలేరుల గోవిందమ్మ బిడ్డ పక్కన స్టూలు మీద కూసున్నది. పక్క మంచపామె సెల్లుల సీరియలు చూస్తాంది. "అయ్యో పాపం, నవ్విచ్చేటామె, సచ్చిపోయింది" అని కండ్లు తుడుసుకొని, ఈమె మొఖం చూసి, సెల్లు చూసి, మల్ల ఈమె మొఖం చూసి, నర్సును పిలిచిందంట.

నాకు ఫోనొచ్చింది. తిట్లు తిందామని రెడీగ ఎత్తిన.

"తమ్మీ, సచ్చినందుకు నాకు బాధ లేదు," అన్నది. "గిన్నె ఇయ్యకుంట ఎట్ల సస్తనయ్యా నేను?"

గా మాటకు నాకు నవ్వు రాలే. ఎన్క నుంచి వియ్యపురాలి గొంతు గూడ ఇనవడ్డది, "తీసుకున్నయి తీసుకోనే పోయింది టీవీల" అని.

తెల్లారి బిడ్డను వియ్యపురాలికి అప్పజెప్పి గోవిందమ్మ బస్సెక్కింది. నేను ఆమెను తీస్కోని హైదరాబాదు పోయిన. ఆఫీసుల అడుగుపెట్టంగనే చాయ తెచ్చే ఆమె గిలాసలు కింద పడేసింది. గోపీకృష్ణ సారు కుర్చీల కెల్లి లేసి, గోవిందమ్మ చేతులు వట్టుకున్నడు.

"తప్పు నాదండీ."

"మాట నాది సార్," అన్న నేను.

ప్రమోద్ సారు మాత్రం తలకాయ పట్టుకున్నడు. కోపం గాదు, పరేషాన్. "ధర్మయ్యా, నాకు సంతోషమే, ఆవిడ బాగున్నారు. కానీ ఒకటి ఆలోచించు. జనం నిన్న రాత్రంతా ఏడ్చారు. ఇప్పుడీమె గిన్నె పట్టుకుని వస్తే నవ్వుతారు. సరే. ఇంకో ఎనిమిది ఎపిసోడ్లకు పెద్దాయన చనిపోవాలి. అప్పుడెవడు ఏడుస్తాడు? ఈయన కూడా రేపు లేచొస్తాడులే అంటారు. నాలుగేళ్ళ కథ గాలికి పోతుంది."

నిజమే గదా. ఏడ్సినోళ్ళను ఉత్తగ ఏడ్పిచ్చినం అంటె జనం మల్ల నమ్మరు.

గోవిందమ్మ మూలకు కుర్చీల కూసోని ఉన్నది. ఒళ్ళె బట్టల కట్టిన గిన్నె. సారు ఆమె దిక్కు తిరిగి, "మీరే చెప్పండమ్మా, ఏం చెయ్యమంటారు?" అన్నడు.

"నన్ను సంపద్దని నేనంటలే సార్. సీరియలు మీది, మీ ఇష్టం. గని గిన్నె ఇచ్చినంక సంపుర్రి."

సారుకు నవ్వొచ్చింది. నవ్వి, మొఖం అటు తిప్పుకున్నడు. ఆ నవ్వుల్నే గోపీకృష్ణ సారు మెల్లగ మాట్లాడిండు.

"సార్, కథలో చిన్నకోడలు మా వైపు పిల్లే కదా. నాలాగే ఆ అమ్మాయీ పొరబడింది అందాం. ఫోన్లో పోయింది అంటే చనిపోయింది అనుకుంది. జనం నవ్వితే ఆ పిల్లను చూసి నవ్వుతారు, చావును చూసి కాదు. తర్వాత పెద్దాయన చనిపోయిన రోజు, పెద్దకొడుకు వచ్చి, బాపు పోయిండు అంటాడు. చిన్నకోడలు ఈసారి పొరబడకూడదనుకుని, నవ్వుతూ అడుగుతుంది. ఎక్కడికి? అని. ఎవరూ జవాబు చెప్పరు."

ప్రమోద్ సారు ఆయన దిక్కు తిరిగిండు.

"ఎక్కడికి," అన్నడు మెల్లగ. తర్వాత నన్ను చూసి, "ఎల్లుండి పోచంపల్లిలో. కుర్చీలు చెప్పు" అన్నడు.

ఎల్లుండి గోవిందమ్మ పొద్దుగాల్నే లేసి మలీద జేసింది. షూటింగోళ్ళు సామాను ఇస్తమన్నా ఇనలే. సీను ఏందంటె, వెంకటనర్సమ్మ ఇంట్ల గోవిందమ్మ పేరు మీద నలుగురికి అన్నం పెడుతున్నరు. అరుగు మీద ఫోటో, దండ. గప్పుడు ఈమె దర్వాజల కెల్లి వస్తది. గోపీకృష్ణ సారు రెండు పేజీల మాటలు రాసిచ్చిండు. నేను అరుగు మీద కూసోని పదిసార్లు సదివి నేర్పిచ్చిన.

లోపటికి వచ్చింది. కూసున్నోళ్ళు లేసిండ్రు. ఆమె తన ఫోటోను చూసింది, దండ చూసింది. "ఫోటోల మంచిగ పడ్డ," అన్నది. గిది కాయితంల లేదు. అందరు నవ్వు ఆపుకుంటున్నరు.

తర్వాత పెద్దమేడం ముంగటికి పోయి గిన్నె మీది బట్ట తీసింది. రెండు పేజీలు ఏడికి పోయినయో పోయినయి. నోరు తెరిసింది, మూసింది. కెమెరా తిరుగుతనే ఉన్నది. చివరికి గిన్నె మేడం చేతుల పెట్టి అన్నది.

"ఉత్తది ఇయ్యద్దంటరు గదా వదినా. నింపేటందుకు నాలుగేండ్లు పట్టింది."

ఎవ్వలు నవ్వలే. పెద్దమేడం గిన్నెను చూస్తాంది. ముప్పై ఏండ్ల సంది నటిస్తున్న మనిషి. ఒక ఉండ తీసి నోట్లేసుకున్నది. నమిలింది. గొంతు దిగినంక, వెంకటనర్సమ్మ గొంతుతోనే, కాయితంల లేని మాట ఆమె గూడ అన్నది. నాలుగేండ్ల సీరియల్ల ఎవ్వలను ఏమడగని మనిషి, అన్నది.

"గోవిందమ్మా, మీ ఇంట్ల జర చింతపండు ఉన్నదా?"

గోవిందమ్మ మొఖం జూడాలె మీరు! "ఉన్నది," అన్నది, "గిన్నె దెచ్చుకో."

ప్రమోద్ సారు కట్ అనుడు మర్సిపోయిండు. ఎనక నిలవడ్డ జనం, నేను తెచ్చిన జనమే, నవ్వుకుంట కండ్లు తుడుసుకుంటున్నరు. లింగస్వామి బావ గోడ కాడ నిలవడి, "ఇచ్చిందిరా!" అని అరిచిండు. ఆ అరుపు గూడ రికార్డు అయింది, తీసెయ్యలే, చూసినోళ్ళు యాది జేసుకోర్రి.

ఎనిమిది ఎపిసోడ్ల తర్వాత పెద్దాయన పోయిండు. చిన్నకోడలు నవ్వుకుంట "ఎక్కడికి?" అన్నది. మా ఇంట్ల పుష్పమ్మ టీవీ బందు జేసి, అర్రలకు పోయింది. ప్రమోద్ సారు భయపడ్డట్టు ఎవ్వలు లేచొస్తడని అనుకోలే.

ఆలేరుల ఏమైందంటరా? గోవిందమ్మ గిన్నె ఇచ్చిన ఎపిసోడు చూసినంక మూడోరోజు వియ్యపురాలు పోచంపల్లికి వచ్చింది, మనుమరాలిని ఎత్తుకోని, మమతను తీస్కోని. సంచిల ఒక డబ్బ. ఎప్పుడో సంక్రాంతికి గోవిందమ్మ సకినాలు పంపిన డబ్బ అది. అరుగు మీద పెట్టింది. మూత తీస్తే నిండ నువ్వులుండలు. గోవిందమ్మ మనుమరాలిని తీస్కోని, "కూసోర్రి, చాయ పెడుత" అన్నది. ఇంట్ల చాయపత్తి లేదంట. గిన్నె వట్టుకోని పక్కింటికి పోయింది.

గిదీ సంగతి. నేనైతే ఇప్పుడు గోపీకృష్ణ సారుకు ఫోన్ జేస్తే జాగ్రత్తగ చెప్తున్న. "సార్, ఫలానోళ్ళు బస్సెక్కి, పాణంతోటి, మల్ల వచ్చేటందుకు పోయిండ్రు" అంట. ఆయన నవ్వుతడు.

మీకు నచ్చితే గీ ముచ్చటను మీ చుట్టాలకు, దోస్తులకు పంపుర్రి. సీరియల్ల పక్కన నిలవడి పోయిన మనిషి ఎవలన్న మీకు యాదికుంటే, గామె పేరో ఆయన పేరో ఒక్క ముక్క పైన రాసి పంపుర్రి. ఉత్త గిన్నె లెక్క మాత్రం పంపకుర్రి.